పాల్మర్ కాదు, పామర్

యూనియన్ కార్యదర్శి తన మిత్రులిద్దరిని వెంటబెట్టుకుని వచ్చి, ఈ ఏడు సావనీరుకు వ్యాసం ఇవ్వనిదే కదిలేది లేదని డిపార్టుమెంటు గుమ్మంలో బైఠాయించాడు. ఏం రాయమంటావు నాయనా అంటే, ఎవరైనా గొప్పవారి జీవితం రాయండి మాస్టారూ, విద్యార్థులకు ఉపయోగపడాలి అన్నాడు. గొప్పవారికి మన దేశంలో కొదవలేదు. వారిని గురించి రాసేవారికీ కొదవలేదు. ఎవరిని ఎన్నుకోవాలా అని నేను పెద్దగా తడుముకోలేదు. కారణం, అంతకు రెండు రోజుల ముందే మన హాల్లో జరిగిన ఇంగ్లీషు వక్తృత్వ పోటీ.

ఆ పోటీలో మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు లేచాడు. పల్లెటూరి పిల్లవాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. చదువు విలువ మీద మాట్లాడుతున్నాడు. రెండు నిమిషాలు బాగానే నడిచింది. కాగితం వదిలేసి సొంతంగా ఒక మాట చెప్పబోయాడు. మై ఫాదర్ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్ అన్నాడు. వెనక బెంచీల్లోంచి ఎవరో డిడ్ నాట్ గో అని గట్టిగా దిద్దారు. హాలంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో సగం మందికి ఆ వాక్యం చెప్పమంటే వాళ్ళూ అలాగే చెబుతారని నాకు తెలుసు. ఆ పిల్లవాడు ఒక్క క్షణం నిలబడి, థాంక్యూ అని దిగిపోయాడు. వాళ్ళ నాన్న బడికి ఎందుకు వెళ్ళలేకపోయాడో ఆ రోజు మనమెవరమూ వినలేదు.

తప్పు దిద్దడం జరిగింది. మాట మాత్రం పోయింది. ఈ రెండింటి మధ్య ఉన్న చిక్కు గురించి జీవితమంతా ఆలోచించిన ఒక మనిషి ఉన్నాడు. ఇంగ్లీషు బోధించేవారి లోకంలో ఆయన పేరు వినని వారుండరు. ఆయన పేరు హెరాల్డ్ ఎడ్వర్డ్ పామర్. ఇంగ్లీషులో ఆ పేరు రాసేటప్పుడు మధ్యలో ఎల్ అనే అక్షరం ఉంటుంది. పలికేటప్పుడు ఉండదు. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక సెమినారులో ఆయన పేరును పదిసార్లు పాల్మర్, పాల్మర్ అని చదివాను. మా మాస్టారు నన్ను ఆపలేదు. నేను ముగించాక ఆయన లేచి, నా వ్యాసం మీద ఒక ప్రశ్న వేస్తూ పామర్ అన్నారు. కొంచెం నిదానంగా మరొకసారి పామర్ అన్నారు. నావైపు చూసి నా జవాబు కోసం ఆగారు. జవాబులో నేను పామర్ అన్నాను. గదిలో ఉన్న ఇరవైమందిలో తప్పు దిద్దబడిందని కనిపెట్టినవారు ఒక్కరూ లేరు.

ఇంకొక విశేషం. సరిగ్గా పలికితే ఆ పేరు మన చెవికి పామరుడు అన్నట్టు వినిపిస్తుంది. ఆ మాట ఆయనకు ఒక రకంగా తగినదే. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదివి పట్టా పుచ్చుకోకుండానే విశ్వవిద్యాలయాలకు పాఠం చెప్పిన మనిషి ఆయన.

పత్రికాఫీసు నుంచి పాఠశాలకు

పామర్ 1877 మార్చి 6న లండనులో పుట్టారు. తండ్రి మొదట బడిపంతులు. తరువాత కుటుంబం కెంట్ జిల్లాలో సముద్రతీరాన ఉన్న హైత్ అనే చిన్న ఊరికి చేరింది. అక్కడ తండ్రి కాగితాలూ పుస్తకాలూ అమ్మే దుకాణం పెట్టి, ఒక స్థానిక వార్తాపత్రిక కూడా నడిపేవారు. కుర్రవాడి చదువు కొంత ఇంట్లో తండ్రి దగ్గరా, కొంత ఊళ్ళోని ప్రైవేటు బడిలోనూ సాగింది. ఆ తరువాత తండ్రి పత్రికలోనే పని. ఊరి వార్తలు సేకరించి రాయడం, అచ్చుపని చూసుకోవడం. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిల గడప తొక్కలేదు.

ఇరవై అయిదేళ్ళ వయసులో, 1902లో, ఆయన బెల్జియం వెళ్ళారు. వెర్వియే అనేది జర్మనీ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు. ఉన్ని బట్టల మిల్లులకు పేరుపొందింది. అక్కడ ఒక భాషా పాఠశాలలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం దొరికింది. అది బెర్లిట్జ్ పద్ధతిలో నడిచే బడి. మాక్సిమిలియన్ బెర్లిట్జ్ 1878లో అమెరికాలో మొదలుపెట్టిన ఆ పద్ధతిలో అనువాదం నిషిద్ధం. పంతులు క్లాసులో అడుగుపెట్టింది మొదలు నేర్పే భాషలోనే మాట్లాడాలి. వస్తువు చూపించి పేరు చెప్పాలి. పని చేసి చూపించి క్రియ చెప్పాలి. దీన్నే మనవాళ్ళు ప్రత్యక్ష పద్ధతి అన్నారు.

పామర్ ఆ పద్ధతిని కళ్ళకద్దుకుని ఊరుకోలేదు. చెబుతూ చెబుతూ దాన్ని పరీక్షించారు. కొద్దికాలంలోనే సొంతంగా ఒక బడి పెట్టుకున్నారు. ఎలిజబెత్ అనే బెల్జియం అమ్మాయిని పెళ్ళి చేసుకున్నారు. తానూ పరాయిభాష నేర్చుకుంటున్న మనిషే గనుక, బల్లకు రెండు వైపులా ఉండే కష్టం ఆయనకు అనుభవం. ఉదయం ఇంగ్లీషు పంతులు, సాయంత్రం బజారులో ఫ్రెంచి విద్యార్థి. బజారులో తాను తప్పు మాట్లాడితే కూరలమ్మే ఆమె ఏం చేస్తుంది? నవ్వదు, వ్యాకరణం చెప్పదు. తాను విన్నమాటను సరైన రూపంలో తిరిగి అడిగి, కూర తూచి ఇస్తుంది. ఇది నా ఊహ. కాని పరదేశంలో నాలుగు రోజులున్న ప్రతివారికీ ఎదురయ్యే సంగతే ఇది.

అనువాదం అసలు పనికిరాదన్న మొండితనం ఆయనకు నచ్చలేదు. ఒక మాట అర్థం చెప్పడానికి సొంత భాషలో ఒక్క పలుకు సరిపోయేచోట, పంతులు అరగంట సైగలు చేయడం వృథా అని ఆయన అభిప్రాయం. అర్థం తెలియడం వేరు, నోటికి రావడం వేరు. మొదటిదానికి అడ్డదారి ఉంది. రెండవదానికి లేదు.

చెవికి చదువు

1914 ఆగస్టులో జర్మను సేనలు బెల్జియంలోకి వచ్చాయి. సరిహద్దున ఉన్న వెర్వియే మొదటి దెబ్బకే వారి వశమైంది. పన్నెండేళ్ళు కష్టపడి కట్టుకున్న బడీ, సంసారం, అన్నీ వదిలి పామర్ కుటుంబంతో ఇంగ్లండు చేరుకున్నారు. నడివయసులో, డిగ్రీ లేని మనిషి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

అక్కడ ఆయనకు అండగా నిలిచినవారు డేనియల్ జోన్స్. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ధ్వనిశాస్త్రం చెప్పే జోన్స్ పేరు మనవాళ్ళకు తెలిసిందే. ఆయన ఉచ్చారణ నిఘంటువు ఇవాళ్టికీ లైబ్రరీల్లో ఉంటుంది. పామర్ పనితనం గురించి ఆయనకు ముందే తెలుసు. పిలిచి, భాషలు బోధించే పద్ధతుల మీద ఉపన్యాసాలు ఇవ్వమన్నారు. అలా డిగ్రీ లేని పామర్ కాలేజీ అధ్యాపకుడయ్యారు. 1917లో భాషల శాస్త్రీయ అధ్యయనం, బోధనల మీద ఒక గ్రంథం వేశారు. 1921లో భాషాభ్యాస సూత్రాల మీద రాసిన పుస్తకం ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. అందులో తొమ్మిది సూత్రాలున్నాయి. తొమ్మిదింటినీ ఇక్కడ ఏకరువు పెట్టను. మన విషయానికి పనికొచ్చేవి రెండు మూడున్నాయి.

మొదటిది, చెవికి ముందు చదువు చెప్పాలి. నోటికి తరువాత. విన్నదాన్ని లోపల ఇంకించుకోవడానికి విద్యార్థికి కొంతకాలం ఇవ్వాలి. గుడ్డు పొదగబడినట్టు మాట లోపల పొదగబడాలి. ఆ లోపల మాట్లాడమని తొందరపెడితే వచ్చేది పిల్ల కాదు, పగిలిన గుడ్డు. రెండవది, భాష అనేది అలవాటు. ఒకసారి తప్పు అలవాటైతే దాన్ని మాన్పించడం కొత్త అలవాటు చేయడం కన్నా కష్టం. అందుచేత మొదటి మెట్టులోనే కచ్చితత్వం ఉండాలి. మూడవది, మెట్లు చిన్నవిగా ఉండాలి. ఒక మెట్టు మీద కాలు నిలదొక్కుకోకముందే రెండవ మెట్టు ఎక్కమనకూడదు.

ఈ మూడింటినీ కలిపి చూడండి. తరగతిలో పిల్లవాడు తప్పు మాట్లాడాడంటే తప్పు ఎక్కడుంది? పామర్ సూత్రాల ప్రకారం, అది చాలా వరకు పాఠం అమర్చిన క్రమంలో ఉంది. వినిపించవలసినన్నిసార్లు వినిపించకుండానే పలకమన్నాం. లేకపోతే రెండు మెట్లు ఒకేసారి ఎక్కించాం. దిద్దవలసింది ముందుగా పంతులు తన పాఠాన్ని. అప్పటిదాకా తప్పుల బాధ్యత అంతా విద్యార్థి నెత్తిన పెట్టిన మన వృత్తిలో ఇది చిన్న మాట కాదు.

మన పిల్లవాడి వాక్యమే తీసుకుందాం. డిడ్ నాట్ వెంట్ అని ఎందుకు వస్తుంది? తెలుగు అలవాటు వల్ల అనుకుంటాం. కాని తెలుగులో మనం వెళ్ళాడు అంటాం, కాదనవలసి వస్తే వెళ్ళలేదు అంటాం. వెళ్ళాడులేదు అనం. ఇంగ్లీషు చేసే పనే తెలుగూ చేస్తోంది, కాదనేటప్పుడు జరిగిపోయిన కాలపు రూపాన్ని వదిలేస్తోంది. ఆ సంగతి మనకు ఏ మాస్టారూ చెప్పలేదు. అమ్మ నోటినుంచి కొన్ని వేలసార్లు విన్నాం, అంతే. మరి ఇంగ్లీషులో? గో, వెంట్, గాన్ అని బెత్తం చూపించి వల్లె వేయించారు. జరిగిపోయినదానికి వెంట్ అన్నారు. ఇంకో రోజు కాదనడానికి డిడ్ నాట్ అన్నారు. పిల్లవాడు రెండూ జాగ్రత్తగా గుర్తుపెట్టుకుని రెండూ కలిపాడు. వాడు చెప్పిన పాఠం బుద్ధిగా నేర్చుకున్నాడు. వినవలసినది మాత్రం వినలేదు.

ఇలాంటి చోట పామర్ పట్టికలు వాడేవారు. 1916లోనే నూరు పట్టికలతో ఒక చిన్న పుస్తకం వేశారు. ఒక వరుసలో కర్తలు, రెండవ వరుసలో క్రియలు, మూడవ వరుసలో మిగతా మాటలు. ఏ వరుసలోంచి ఏది తీసుకున్నా వాక్యం సరిగ్గానే వస్తుంది. అయిదేసి మాటలున్న మూడు వరుసలుంటే నూట ఇరవై అయిదు వాక్యాలు. పిల్లవాడు సొంతంగానే చెబుతాడు, తప్పు చెప్పే వీలు మాత్రం ఉండదు. ఊయలలో పిల్లవాడిని నిలబెట్టి నడక నేర్పినట్టు.

జపానులో పధ్నాలుగేళ్ళు

1921లో జపాను విద్యావేత్త సవయనగి మసతారో లండను వచ్చి పామర్‌ను కలిశారు. జపానులో ఇంగ్లీషు బోధనను బాగుచేయడానికి రమ్మన్నారు. మత్సుకత కోజిరో అనే ఓడల పరిశ్రమాధిపతి ఖర్చుకు ముందుకు వచ్చారు. 1922లో పామర్ జపాను చేరి, అక్కడి విద్యాశాఖకు భాషా సలహాదారు అయ్యారు. 1923లో ఇంగ్లీషు బోధనా పరిశోధన సంస్థ ఒకటి స్థాపించారు. ఆ ఏడే సెప్టెంబరు 1న వచ్చిన భూకంపంలో, మంటల్లో, తోక్యో నగరం చాలా భాగం బూడిదయింది. పని ఆగలేదు.

అక్కడ ఆయన చూసిన తరగతి గది మనకు బాగా పరిచయమైనదే. క్లాసుకు యాభైమంది. పంతులు ఇంగ్లీషు వాక్యం చదువుతాడు. మాటల మీద అంకెలు వేసుకుని, జపాను భాష క్రమంలోకి తిప్పి, అర్థం చెబుతాడు. పిల్లలు రాసుకుంటారు. పై చదువుల ప్రవేశ పరీక్షలో అడిగేది అనువాదమే. మన గైడు పుస్తకాలు జ్ఞాపకం రావడం లేదూ? నోరు విప్పే అవసరమే లేదు. విప్పితే మన తంటాలే వారికీ. జపాను భాషలో మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది, మన తెలుగులాగే. మనం బస్సు అన్నట్టే వాళ్ళు బసు అంటారు. పంతుళ్ళలో చాలామందికి ఇంగ్లీషువాళ్ళతో మాట్లాడే అవకాశమే రాలేదు. ఇంగ్లీషులో మాట్లాడాలంటే విద్యార్థి కన్నా పంతులుకే ఎక్కువ భయం.

ఆ భయానికి పామర్ ఉపదేశాలు ఇవ్వలేదు, పరికరాలు ఇచ్చారు. 1925లో కూతురు డొరతీతో కలిసి, చేష్టల ద్వారా ఇంగ్లీషు నేర్పే పుస్తకం తెచ్చారు. అందులో పంతులు చెప్పవలసిన ఆజ్ఞలున్నాయి. లే, తలుపు దగ్గరకు వెళ్ళు, తలుపు తియ్యి, మళ్ళీ వచ్చి కూర్చో. పిల్లవాడు మాట్లాడనక్కరలేదు, విని చేస్తే చాలు. అర్థమయిందో లేదో పంతులుకు కంటికి కనబడుతుంది. తప్పు జరిగితే అది కాలు చేసిన తప్పు, నాలుక చేసినది కాదు. తలుపు బదులు కిటికీ తీస్తే అందరితోపాటు వాడూ నవ్వుకుంటాడు. చిన్నబోడు.

ఆ తరువాత మెట్టు ప్రశ్నలు. మొదట అవును, కాదు అంటే చాలే ప్రశ్నలు. ఆ తరువాత ఇదా, అదా అనే ప్రశ్నలు. జవాబు ప్రశ్నలోనే ఉంటుంది, ఏరుకుంటే చాలు. ఆ తరువాతే ఎవరు, ఎక్కడ, ఎందుకు. జవాబు ఇలా వస్తుందని ముందే తెలిసేటట్టు ప్రశ్న వేయడం ఇందులో కిటుకు. డిడ్ యువర్ ఫాదర్ గో టు స్కూల్ అని అడిగితే, సరైన గో అనే మాట పిల్లవాడి చెవిలో అప్పుడే పడింది. హి డిడ్ నాట్ గో అనడం వాడికి సులువు. దిద్దడం ప్రశ్నలోనే జరిగిపోయింది, అదీ తప్పు దొర్లక ముందే. ఉదాహరణ నాది, కిటుకు ఆయనది.

ధ్వనుల విషయంలోనూ అంతే. తప్పు తప్పు అని అరిస్తే నాలుకకు దారి తెలియదు. నాలుక ఎక్కడ తగలాలో, పెదవులు ఎలా ఉండాలో పంతులుకు తెలిసుండాలి. మన తెలుగువాళ్ళం ఎగ్ అనడానికి యెగ్ అంటాం, జూ పార్కు అనేటప్పుడు మొదటి అక్షరాన్ని జామపండులో జ లాగా పలుకుతాం. ఎందుకంటే మన చెవి ఆ తేడాను పట్టించుకోవడం నేర్చుకోలేదు. వినలేనిదాన్ని పలకమనడం గుడ్డివాడిని రంగు చెప్పమనడమే. అందుకే పామర్ పంతుళ్ళకు ధ్వనిశాస్త్రం రావాలని పట్టుబట్టారు. పిల్లలను దబాయించడానికి కాదు, వారికి సాయం చేయడానికి. 1922లో ఇంగ్లీషు స్వరపు ఎత్తుపల్లాల మీద, 1924లో మాట్లాడే ఇంగ్లీషు వ్యాకరణం మీద పుస్తకాలు రాశారు. పుస్తకాల ఇంగ్లీషుకు కాక నోటి ఇంగ్లీషుకు వ్యాకరణం రాయడం ఆ రోజుల్లో సాహసమే.

జపాను అంతా మారిపోయిందా? లేదు. కొన్ని పాఠశాలలు ఆయన పద్ధతిని పట్టుకుని మంచి ఫలితాలు చూపించాయి. చాలా పాఠశాలలు ఉపన్యాసాలు విని చప్పట్లు కొట్టి, అనువాదాలకే వెళ్ళిపోయాయి. పరీక్ష మారనిదే పాఠం మారదు. ఈ సత్యం మన లెక్చరర్లకు ఎవరూ చెప్పక్కరలేదు. ఆయన కూడా బెట్టు చేయలేదు. జపాను పిల్లవాడికి చదవడం అవసరం గనుక, పాఠ్యపుస్తకాలను మౌఖిక పద్ధతితో ఎలా కలపాలో చూశారు, మాటల జాబితాలు తయారుచేశారు. 1934లో న్యూయార్కులో, మరుసటి ఏడు లండనులో కార్నెగీ సంస్థ సాయంతో జరిగిన పండితుల సమావేశాల్లో, ఢాకాలో ఇంగ్లీషు చెప్పిన మైకేల్ వెస్ట్‌తో కలిసి కూర్చున్నారు. వెస్ట్‌కు ముందు చదవడం ముఖ్యం. పామర్‌కు ముందు వినడం, మాట్లాడడం ముఖ్యం. అభిప్రాయాలు వేరైనా, విద్యార్థికి ముందుగా ఏ మాటలు నేర్పాలన్న పనిలో కలిసి పనిచేశారు.

1935లో తోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ఇచ్చింది. డిగ్రీ చదవని మనిషికి యాభై ఎనిమిదో ఏట దక్కిన గౌరవం అది. మరుసటి ఏడే ఆయన జపాను విడిచి ఇంగ్లండుకు తిరిగి వెళ్ళారు.

చివరి రోజులు

ఆ తరువాత ఆయన పుస్తకాలు రాస్తూ, ప్రచురణకర్తలకు సలహాలిస్తూ గడిపారు. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. మొదటి యుద్ధం ఆయన బడిని తీసుకుపోతే, రెండవది కొడుకునే తీసుకుపోయింది. తాను పధ్నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన దేశం, తన దేశం ఎదురెదురుగా నిలబడి యుద్ధం చేశాయి. తోక్యోలో ఆయన పెట్టిన సంస్థ 1942లో తన పేరులోంచి ఇంగ్లీషు అన్న మాట తీసేసి, ఉత్త భాషా బోధన అని పెట్టుకుంది. కాని మూతపడలేదు. 1944లో బ్రిటిష్ కౌన్సిల్ తరఫున దక్షిణ అమెరికాలో ఉపన్యాసాలివ్వడానికి వెళ్ళి, జబ్బుపడి తిరిగి వచ్చారు. 1949 నవంబరు 16న కన్నుమూశారు. ఆయన సంస్థ యుద్ధం తరువాతా నిలిచింది. ఆయన పేరిట ఇంగ్లీషు పంతుళ్ళకు బహుమానం ఏర్పాటు చేసింది.

మనకూ ఆయనకూ

పామర్ మన ఊరు ఎప్పుడూ రాలేదు కదా, ఆయనతో మనకేమిటి అనవచ్చు. మీ బల్ల మీది నిఘంటువు తీసి చూడండి. ఏ.ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు చెబుతూ, పామర్ సంస్థలో ఆయన దగ్గర పని నేర్చుకున్నవారు. హార్న్‌బీ, మరిద్దరు కలిసి అక్కడ తయారుచేసిన నిఘంటువు 1942లో తోక్యోలో అచ్చయింది. తరువాత ఆక్స్‌ఫర్డువారు 1948లో దాన్ని వేశారు. మన విద్యార్థులు తరాల తరబడి వాడుతున్న అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ మూలం అదే. ఏ క్రియ తరువాత ఏది రావాలో అందులో కనిపించే నమూనాల వెనక పామర్ శ్రమ ఉంది. డిస్కస్ ఎబౌట్ అనకూడదని ఎవరూ నవ్వకుండా మనకు చెప్పే పుస్తకం అది. 1950లలో మద్రాసు రాష్ట్రంలోనూ, తరువాత మన బడుల్లోనూ ప్రచారమైన స్ట్రక్చరల్ పద్ధతి, 1958లో హైదరాబాదులో వెలసిన ఇంగ్లీషు సంస్థలో పంతుళ్ళకు ఇచ్చిన శిక్షణ, ఇవన్నీ ఆ వంశవృక్షంలోని కొమ్మలే.

అంతకు ముందే మన గడ్డ మీద ఇదే ఆలోచన మరో రూపంలో తలెత్తింది. పామర్ వెర్వియేలో పాఠాలు చెబుతున్న రోజుల్లోనే, 1906, 1907 ప్రాంతంలో, ఉత్తర సర్కారుల్లో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఏ. యేట్స్ ఇంగ్లీషును ప్రత్యక్ష పద్ధతిలో చెప్పించాలని పూనుకున్నారు. ఆ చర్చల్లోంచే, నోటి తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు ఒకటి ఎందుకుండాలన్న ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారి ముందుకు వచ్చింది. పంతులుగారు అప్పటికే సవరభాష నేర్చుకున్నవారు. పుస్తకం చూసి కాదు, సవరలను దగ్గర ఉంచుకుని, విని నేర్చుకున్నారు. చెవి ముందు, నోరు తరువాత అన్న సంగతి పర్లాకిమిడిలోనూ ఒకరికి తెలుసు.

అయితే పామర్ చెప్పినదంతా శిలాశాసనమా? కాదు. తప్పు దొర్లనివ్వకుండా పాఠం నడపాలన్నది ఆయన ఆదర్శం. అరవైమంది పిల్లలున్న క్లాసులో, నలభై అయిదు నిమిషాల పీరియడులో అది సాధ్యమయ్యే పని కాదు. భాష ఉత్త అలవాటు మాత్రమే అన్న వాదమూ తరువాత నిలవలేదు. 1967లో పిట్ కార్డర్ అనే పండితుడు ఒక వ్యాసం రాసి, విద్యార్థి తప్పులు పాపాలు కావనీ, వాడు ఆ భాషను లోపల ఎలా కట్టుకుంటున్నాడో చూపించే ఆనవాళ్ళనీ వాదించారు. ఇంగ్లీషు తల్లిదండ్రుల పిల్లలు సైతం చిన్నతనంలో మన పిల్లవాడి లాంటి తప్పులే చేసి, పెరిగేకొద్దీ వదిలేస్తారు. 1979 నుంచి అయిదేళ్ళపాటు దక్షిణాదిన ఎన్.ఎస్. ప్రభు నడిపిన ప్రయోగంలో, పిల్లల దృష్టి పని మీదే నిలిపి, తప్పులను సందర్భాన్ని బట్టి అప్పటికప్పుడు సరిచేసి వదిలేశారు. దాని మీద ప్రత్యేక పాఠం పెట్టలేదు.

మా మాస్టారు నాకు చేసినట్టు, సరైన రూపాన్ని తిరిగి పలికి ఊరుకుంటే సరిపోతుందా అన్న ప్రశ్న కూడా ఉంది. కెనడాలో ఫ్రెంచి మాధ్యమపు తరగతులను పరిశీలించి లిస్టర్, రాంటా అనే ఇద్దరు 1997లో లెక్కలు చూపించారు. పంతుళ్ళు దిద్దినవాటిలో నూటికి యాభై అయిదు వంతులు ఇలా తిరిగి పలికినవే. కాని వాటిలో నూటికి ముప్పై ఒకటికి మాత్రమే విద్యార్థి నుంచి ఏదైనా స్పందన వచ్చింది. మిగతావి చెవిన పడి జారిపోయాయి. వాక్యం సగం అందించి, మిగతాది నువ్వు పూర్తిచెయ్యి అన్నట్టు ఆగితే విద్యార్థి ప్రతిసారీ స్పందించాడు. మా మాస్టారు రెండుసార్లు నిదానంగా పలికి, నావైపు చూసి ఎందుకు ఆగారో నాకు ఆ లెక్కలు చదివాక తెలిసింది. ఆ ఆగడంలోనే ఉంది కిటుకంతా.

సిద్ధాంతాలు వస్తాయి, పోతాయి. పామర్ జీవితంలో పోనిది ఒకటుంది. పిల్లవాడు తప్పు మాట్లాడితే, వాడికి ఇది ఎన్నిసార్లు వినిపించాం అని ముందు మనల్ని మనం అడుగుకోవాలి. ఆ తరువాతే వాడిని దిద్దాలి. దిద్దినాక వాడు మళ్ళీ మాట్లాడాలి. మాట్లాడకపోతే మనం దిద్దింది తప్పును కాదు, వాడి నోటిని మూశాం.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. మీలో రేపు పంతుళ్ళు కాబోయేవారున్నారు. ఇవాళ వెనక బెంచీల్లో కూర్చుని నవ్వేవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకరే కావచ్చు. ఆ రోజు పోటీ అయ్యాక నేను ఆ పిల్లవాడిని కాంటీను దగ్గర పట్టుకున్నాను. టీ ఇప్పించి, సో యువర్ ఫాదర్ డిడ్ నాట్ గో టు స్కూల్, వై డిడ్ నాట్ హి గో అని అడిగి ఆగాను. వాడు కొంచెంసేపు టీ గ్లాసు కేసి చూశాడు. హి డిడ్ నాట్ గో బికాజ్ అని మొదలుపెట్టాడు. అటుపైన పది నిమిషాలు చెప్పాడు. మధ్యలో ఎన్నో తప్పులు దొర్లాయి. పశువుల కొట్టం గురించీ, తాత చేసిన అప్పు గురించీ, తమ్ముళ్ళను చదివించడం కోసం పదేళ్ళ వయసులో నాగలి పట్టిన ఒక మనిషి గురించీ నేను విన్నాను. వచ్చే ఏడు పోటీలో వాడు మళ్ళీ లేస్తానన్నాడు. ఆ రోజు హాలు నిండుగా ఉండాలని, ముఖ్యంగా వెనక బెంచీలు, నా కోరిక.